నాయిన సుత్తె, చెరువుగట్టు జాయింట్ వీలు

మాఘమాసం దగ్గర పడిందంటే మా ఇంట్లోకి ముందుగా వచ్చేది గ్రీసు వాసన. నాయిన షాపు నుంచి గ్రీసు డబ్బా, పానాల సంచి, రెండు సుత్తెలు ఇంటికి తెచ్చుకుని, వరండాలో గోనెపట్టా పరిచి ఒక్కొక్కటే తుడిచి పెట్టుకునేవాడు. చెరువుగట్టు జాతరలో జెయింట్ వీల్ ఇంజను చూసుకునే పని ఏటా ఆయనదే. మా దిక్కు దాన్ని జెయింట్ వీల్ అని ఎవరూ అనరు, జాయింట్ వీలు అంటారు. పెద్దయ్యాక అసలు మాట తెలిసినా నేను మార్చుకోలేదు. దాన్ని నిలబెట్టేవి జాయింట్లే కదా, ఆ పేరే దానికి తగినదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మాది నల్లగొండ. నాయిన పానగల్లు రోడ్డులో ఆయిల్ ఇంజన్ల మెకానిక్. 1980లలో మా చుట్టుపక్కల ఊళ్లలో చాలా బావుల మీద డీజిల్ ఇంజన్లే ఉండేవి. చెడిపోతే రైతులు ఎడ్లబండి మీద వేసుకుని మా షాపుకు తెచ్చేవాళ్లు. జాతరల్లో తిరిగే రాట్నాల వాళ్లవీ అవే ఇంజన్లు. అట్లా ఒక ఏడు ఎవరో నాయినను పట్టుకుపోయారు, ఆ తర్వాత అదే అలవాటైంది. పైసలు ఎంత ఇచ్చేవాళ్లో నాకు తెలియదు. నాకూ తమ్ముడికీ మాత్రం ఎన్నిసార్లు ఎక్కినా టికెట్ ఉండేది కాదు. బళ్లో మాకు అంతకన్నా పెద్ద హోదా ఇంకోటి లేదు.

చెరువుగట్టు నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయే దారిలో వస్తుంది. గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామి. పరశురాముడు 108 శివలింగాలను ప్రతిష్ఠించాడని, వాటిలో ఆఖరుది ఇదేనని పెద్దలు చెబుతారు. గుడి కన్నా పైన మూడుగుండ్లు. మామూలు రోజుల్లో అమావాస్యకు జనం వస్తారు, మాఘంలో బ్రహ్మోత్సవాలకైతే ఇసుక వేస్తే రాలనంత మంది. కల్యాణం ఒక రాత్రి, అగ్నిగుండాలు ఒక రాత్రి. కందూరు, అంటే మొక్కు విందు, చేసుకునేవాళ్లు చెట్ల కింద పొయ్యిలు పెట్టుకునేవాళ్లు. గుట్ట కింద పేలాల కుప్పలు, బత్తీసలు, రబ్బరు గాజులు, పీకలు. వీటన్నిటి మీద, ఎక్కడి నుంచి చూసినా కనపడేలా జాయింట్ వీలు.

దాన్ని తిరుగుతుండగా అందరూ చూస్తారు. నిలబెడుతుంటే చూసినవాళ్లు తక్కువ. నేను చూశాను, అందుకే ఈ ముచ్చట రాస్తున్నాను.

లారీలోంచి దిగేటప్పుడు అది జాయింట్ వీలని ఎవరూ అనుకోరు. బద్దలు, పైపులు, కమ్ములు, రంగు పోయిన డబ్బాలు, అంతా పాత సామాను లెక్క ఉంటుంది. ముందు నేలను చదును చేసి మొద్దులు వేస్తారు. నాయిన చిన్న నీళ్ల సీసా ఒకటి పక్కకు పడుకోబెట్టి, లోపలి గాలి బుడగ నడిమధ్యన నిలిచిందా లేదా చూసేవాడు. అదే ఆయన మట్టం. తర్వాత రెండు వైపులా కాళ్లు లేపడం, మధ్యన ఇరుసు ఎక్కించడం, దాని నుంచి ఒక్కొక్క చువ్వా బిగించుకుంటూ పోవడం. బోల్టులన్నీ ఒక గోనె సంచిలో ఉండేవి. ఆ సంచి దగ్గర నన్ను కూర్చోబెట్టేవాడు. "పెద్దది", "చిన్నది", "వాషరు" అని పైనుంచి అడిగితే నేను కింద ఉన్న పిల్లగాడికి అందించాలి, వాడు పైకి అందించాలి. ప్రతి బోల్టుకూ గ్రీసు పూసి ఇచ్చేదాన్ని. ఎందుకని అడిగితే నాయిన చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఈడ బిగించంగనే అయిపోదు బిడ్డా. వారం దినాలకు ఇప్పాలె, ఇంకో జాతరకాడ మళ్ల బిగించాలె. గ్రీసు లేకుంటే తుప్పు వట్టి కూసుంటది, ఇప్పరాదు."

అంతా అయ్యాక సుత్తె పట్టుకుని ఎక్కేవాడు. కింది జాయింటు నుంచి పై జాయింటు దాకా ఒక్కొక్క దాన్నీ చిన్నగా కొట్టి చెవి పెట్టి వినేవాడు. బిగుతుగా ఉన్నది ఠంగుమంటుంది. వదులుగా ఉన్నది బద్దుమంటుంది. ఆ తేడా కళ్లకు దొరకదు, చెవికే దొరుకుతుంది. ఇంకా చీకటి పోకముందే, జాతర మేలుకోకముందే, రోజూ ఒకసారి ఈ సుత్తె చుట్టు తిరిగేది. టెంటులో దుప్పటి కప్పుకుని పడుకున్న నాకు నిద్రలో ఠంగ్, ఠంగ్ అని వినపడుతుండేది. మధ్యలో ఒక బద్దు వచ్చిందంటే కాసేపు చప్పుడు ఆగేది. పానం తిరుగుతోందన్నమాట. మళ్లీ ఠంగ్ వినిపించే దాకా నాకు నిద్ర పట్టేది కాదు.

1986లో ఒక రాత్రి నేనూ తమ్ముడూ పై డబ్బాలో ఉండగా, ఇంజను నుంచి వీలును తిప్పే పట్టా (బెల్టు) తెగింది. ఇంజను ఉత్తగా గుర్రుమని మొత్తుకుంటోంది, వీలు మాత్రం కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. ఆ ఏడు వచ్చిన రాట్నం ఓనరు దగ్గర ఇంకో పట్టా లేదు. ఉండాలని నాయిన ముందురోజే చెప్పాడట, ఆయన తేలేదు. కింద నుంచి ఒకటే అరుపులు. తమ్ముడికి ఆరేళ్లు, నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చున్నాడు. గుట్ట మీద దాకా దీపాల వరుస, రోడ్డు మీద బస్సుల లైట్లు, అటు దూరంగా నల్లగొండ వెలుగు. అంత అందంగా ఉందని అప్పుడు కూడా నాకు తెలుసు. చేతులు మాత్రం రాడ్డును వదలడం లేదు.

నాయిన ముందు ఇంజను బంద్ చేయించాడు. అరుపులు ఆగేదాకా ఏమీ చేయలేదు. తర్వాత పైకి చూసి, "ఎవరు కదలకున్రి, ఎవరు లేవకున్రి, అందర్ని దించుత" అన్నాడు. నలుగురు మనుషుల్ని పెట్టి చేతులతో వీలు తిప్పించి, కిందికి వచ్చిన డబ్బాను ఖాళీ చేయించాడు. దాని తర్వాత పక్క డబ్బా దింపుతాడనుకున్నాను. అట్లా చేయలేదు. సగం చుట్టు తిప్పించి, సరిగ్గా ఎదురుగా ఉన్న డబ్బాను కిందికి తెచ్చి దాన్ని ఖాళీ చేయించాడు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. మా డబ్బా రెండుసార్లు కింది దాకా వచ్చినట్టే వచ్చి పైకి పోయింది. మేము ఆయన పిల్లలం, మమ్మల్ని ముందు దించకుండా ఎవరెవరినో దించుతున్నాడని నాకు ఏడుపు ఆగలేదు. దాదాపు గంట పట్టింది. మేము దిగింది ఆఖరు నుంచి రెండో డబ్బాలో.

ఇంటికి వచ్చాక కూడా నాయినతో మాట్లాడలేదు. రెండు రోజులకు ఆయనే తక్కెడ తెచ్చి ముందు పెట్టాడు. రెండు పళ్లాల్లో సమంగా బోల్టులు వేసి, "ఒక్క దిక్కే తీస్కుంట పో, ఏమైతదో సూడు" అన్నాడు. మూడు బోల్టులు తీసేసరికి రెండో పళ్లెం దబ్బున నేలకు కొట్టుకుంది. ఆ పళ్లెంలో నన్నూ తమ్ముణ్నీ ఊహించుకున్నాను. ఇంకేమీ అడగలేదు.

నాంపల్లి ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు పాముబండి ఎక్కాను. చిన్న పట్టాల మీద రెండు గుట్టలెక్కి దిగే ఇనుప బండి అది. రోలర్ కోస్టర్ అన్న మాట వినడం అదే మొదలు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివాక 1998లో ఎంఎస్‌కు అమెరికా పోయాను. సీటు వచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. సరస్సు అంటే మన ఉదయసముద్రం లెక్క ఉంటుందనుకుని పోయాను. కందూరు చోడుల కాలం నుంచి ఉన్న మా పానగల్లు చెరువు నాకు అప్పటిదాకా తెలిసిన అతి పెద్ద నీళ్లు. ఈరీ ఒడ్డున నిలబడి పొడవునా చూస్తే అవతలి కొస కనపడలేదు. చలికాలంలో ఆ నీళ్ల మీదుగా వచ్చే మంచు గురించి చెప్పాలంటే ఇంకో పోస్టు రాయాలి.

మేము కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. కింద ఆమె ఒక్కతే, పైన మేము ముగ్గురు అమ్మాయిలం. ఒక ఆదివారం ఆమెకు పప్పుచారు ఇచ్చి మాట్లాడుతూ, మా నాయన మెకానిక్ అని, జాతరలో జాయింట్ వీలు చూసుకుంటాడని చెప్పాను. ఆమె లేచి లోపలికి పోయి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చింది. నిండా నలుపు తెలుపు ఫొటోలు. "ఇది మా జాతర" అన్నట్టుగా నా ముందు పరిచింది.

క్రిస్టల్ బీచ్ అని, బఫెలోకు ఎదురుగా ఈరీ సరస్సుకు కెనడా వైపు గట్టు మీద ఉండేదట ఆ పార్కు. 1888లో రెబ్‌స్టాక్ అనే ఆయన దాన్ని మత ప్రసంగాల కోసం మొదలుపెట్టాడు, మన దగ్గర భజన సప్తాహాలు జరిగినట్టు. వచ్చిన జనానికి ప్రసంగాల మీద కన్నా సరస్సులో స్నానాల మీద, ఆటల మీద మనసు పోయింది. రెండేళ్లు తిరిగేసరికి అది వినోదాల పార్కు అయింది. దేవుడి పేరున కూడిన చోట రాట్నం వచ్చి నిలవడం మా చెరువుగట్టులో చూసిందే కాబట్టి నాకు అది కొత్తగా అనిపించలేదు. 1910 నుంచి బఫెలో జనాన్ని అక్కడికి తీసుకుపోవడానికి కెనడియానా అని పెద్ద స్టీమరు ఉండేది. ఓనరమ్మ చిన్నప్పుడు దాని మీదే పోయేది. స్టీమరు పార్కు దగ్గర పడుతుంటే ముందు కనపడేది రోలర్ కోస్టరేనట. దాన్ని చూడగానే పిల్లలంతా రెయిలింగ్ దగ్గరికి ఉరికేవాళ్లట. నల్లగొండ దాటాక బస్సు కిటికీలోంచి జాయింట్ వీలు కోసం మేము వెతుక్కున్నట్టే.

అక్కడ 1927లో సైక్లోన్ అనే కోస్టర్ కట్టారు. హ్యారీ ట్రేవర్ అనే ఇంజనీరు తయారు చేసింది. మెలికలు ఎంత దారుణంగా ఉండేవంటే, బండి ఆగే ప్లాట్‌ఫారం మీద ఒక నర్సును పెట్టారు, దిగినవాళ్లలో కళ్లు తిరిగి పడేవాళ్ల కోసం. చూడడానికి వచ్చేవాళ్లు ఎక్కువ, ఎక్కేవాళ్లు తక్కువ. నిర్వహణ ఖర్చు కూడా భారం. 1946 సీజన్ తర్వాత దాన్ని ఆపేసి విప్పారు. విప్పిన ఇనుమును పారేయలేదు. అదే ఇనుముతో 1948లో, సరస్సు అంచునే ఇంకో కోస్టర్ లేపారు. దాని పేరు కామెట్, తోకచుక్క. గీసింది హెర్బర్ట్ ష్మెక్. మా ఓనరమ్మ పెళ్లికి ముందు, పెళ్లయ్యాక, పిల్లలతో, ఆఖరికి మనవడితో కూడా కామెట్ ఎక్కింది. 1989లో పార్కు మూతపడింది. సామానంతా వేలం వేశారు. గట్టు మీద ఇప్పుడు గేటు పెట్టుకున్న ఇళ్లు ఉన్నాయట.

"మరి కామెట్?" అని అడిగాను.

దాన్ని చార్లెస్ వుడ్ అనే ఆయన కొన్నాడు. లేక్ జార్జ్ అనే ఇంకో సరస్సు దగ్గర ఆయన 1954లో స్టోరీటౌన్ పేరుతో ఒక పార్కు పెట్టాడు, తర్వాత దాని పేరు గ్రేట్ ఎస్కేప్ అయింది. విప్పిన కామెట్ కొన్నేళ్లు ముక్కలుగానే పడి ఉంది. 1994లో అక్కడ మళ్లీ నిలబెట్టారు. ఓనరమ్మకు అప్పటికి మోకాళ్లు పోయాయి, ఎక్కలేదు. "నువ్వు ఎక్కిరా, ఆఖరు సీటులో కూర్చో" అంది నాతో.

ఆ వారమే యూనివర్సిటీ లైబ్రరీలో రోలర్ కోస్టర్ల పుస్తకాలు తీశాను. చదవాల్సిన చదువు పక్కన పెట్టి మూడు రోజులు అవే చదివాను. రష్యాలో చలికాలంలో చెక్క కట్టడాల మీద మంచు పేర్చి జారేవాళ్లట, అక్కడ మొదలైంది కథ. 1817లో పారిస్‌లో చక్రాల బండ్లతో ఆడారు, వాటిని ఫ్రెంచివాళ్లు రష్యా కొండలన్నారు. నేటికీ రష్యావాళ్లు మాత్రం రోలర్ కోస్టర్‌ను అమెరికా కొండలంటారు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ పెట్టినదానికి టికెట్ 5 సెంట్లు, వేగం గంటకు 6 మైళ్లు. మన సైకిల్ అంత. ఒక చివర నుంచి జారి ఇంకో చివరకు పోతే, జనం దిగాలి, బండిని మనుషులు తోసి ఎత్తాలి. నన్ను ఎక్కువగా పట్టుకున్నది జాన్ మిల్లర్ అనే ఆయన పని. బండి పట్టాల మీద నిలవడానికి పైన చక్రాలు చాలవు, పట్టా కింది నుంచి కూడా ఒక చక్రం పట్టుకుని ఉండాలని ఆలోచించి 1919లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా గుట్ట దాటేటప్పుడు బండి ఎగిరిపోతుందేమోనన్న భయంతో మెల్లగా నడపాల్సి వచ్చేది. కింది చక్రం వచ్చాక గుట్టలు నిటారుగా లేచాయి.

ఇదంతా నాయినకు ఎయిర్ లెటర్ మీద బొమ్మలు గీసి రాశాను. ఫోను నిమిషానికి ఎంతో అయ్యేది, ఇట్లాంటివి మాట్లాడే వీలు ఉండేది కాదు. మూడు వారాలకు జవాబు వచ్చింది. క్షేమ సమాచారం రెండు లైన్లు, మిగతాదంతా ప్రశ్నలు. పట్టాలు చెక్కవి అంటున్నావు, అరిగిపోవా? గొలుసు తెగితే బండి వెనక్కి రాదా? ఇనుము అన్నేళ్లదంటే జాయింట్లు ఎవరు చూస్తున్నారు? ఆఖరు ప్రశ్న కింద గీత గీసి ఉంది.

1999 వేసవిలో పోయాము. ఖమ్మం అబ్బాయి ఒకరు పాత కారు కొన్నాడు, గుంటూరు అమ్మాయి ఒకామె, నేను. బఫెలో నుంచి ఐదు గంటల పైన దారి. చిత్రాన్నం, ఆవకాయ, గోంగూర పొట్లాలు కట్టుకుని బయల్దేరాము. పార్కు తెరవకముందే చేరుకున్నాము. కంచె బయట నిలబడి చూస్తుంటే కామెట్ తెల్లగా, పొద్దుటి ఎండలో ఎముకల గూడు లెక్క నిలబడి ఉంది. పట్టాల మీద ఒక మనిషి నడుస్తున్నాడు. అంత ఎత్తున, పక్కనున్న సన్నటి చెక్క బాట మీద, ఒక్కొక్క అడుగు వేస్తూ, కిందికి చూస్తూ. నడుముకు పానాల పట్టీ. ఒక చోట ఆగి వంగాడు. సుత్తె దెబ్బ రెండుసార్లు వినపడింది. దూరం కాబట్టి చెయ్యి ఆడిన కాసేపటికి చప్పుడు వచ్చింది.

నాకు గొంతు పట్టేసింది. పక్కవాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియక కంచె పట్టుకుని నిలబడ్డాను. చెరువుగట్టు టెంటులో దుప్పటి కింద నేను విన్న చప్పుడే అది.

గేటు దగ్గర పనిచేసే ముసలాయనను అడిగితే చెప్పాడు. చెక్క పట్టాలున్న కోస్టర్‌ను రోజూ పొద్దున మొదటి బండి వదలకముందు ఇట్లా నడిచి చూస్తారట, ప్రతి అడుగూ. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది, నిన్న బిగుతుగా ఉన్న బోల్టు ఇవాళ వదులవుతుంది. పట్టా అంటే ఒక్క చెక్క కాదు. పలకల మీద పలకలు పొరలుగా పేర్చి, పైన చక్రం నడిచే చోట ఇనుప పట్టీ వేస్తారు. నాయినకు తర్వాత ఇది రాస్తే, "మన ఎడ్లబండి గానుకు ఇనుప పట్టా ఎక్కించినట్టే" అని రాశాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆఖరు సీటులోనే కూర్చున్నాను. బండి గొలుసు మీద ఎక్కుతుంటే కట కట కట అని చప్పుడు. బండి కింద వేలాడే ఇనుప కొక్కెం, పట్టాల మధ్యనున్న పళ్ల మీద ఒక్కొక్కటిగా పడుతున్న చప్పుడు అది. గొలుసు తెగినా ఆ కొక్కెం బండిని వెనక్కి జారనివ్వదు. నాయిన రెండో ప్రశ్నకు జవాబు. గుట్ట కొసకు చేరగానే ఆ చప్పుడు ఆగిపోయింది. ముందు డబ్బాలు అప్పటికే అటు దిగుతున్నాయి, వాటి బరువు మమ్మల్ని లాగింది. ఆఖరు సీటు గొప్పతనం అక్కడే ఉంది. ముందువాళ్లు గుట్టను మెల్లగా దాటుతారు, వెనకవాళ్లు ఈడ్చుకుపోబడతారు. సీటు నుంచి లేచిపోయాను. తొడల మీద రాడ్డు ఒక్కటే నన్ను పట్టుకుని ఉంది. కింది నుంచి ఆ చిన్న చక్రం పట్టాను పట్టుకుని ఉందని గుర్తుచేసుకున్నాను. చివర్లో చిన్న చిన్న గుట్టలు వరసగా వస్తాయి, ఒక్కొక్క దాని మీద కడుపులో ఏదో తేలిపోతుంది. నాలుగు వేల అడుగుల పైచిలుకు పట్టా, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దిగి మళ్లీ లైనులో నిలబడ్డాము. సాయంత్రం దాకా ఐదుసార్లు ఎక్కాను. పొద్దునటి కన్నా సాయంత్రం బండి వడిగా పోయింది. ఎండకు గ్రీసు పలచబడి చక్రాలు తేలికవుతాయట. నాయిన కూడా ఇంజను వేడెక్కే దాకా లోడు వేయనిచ్చేవాడు కాదు.

పోయేముందు ఒక స్తంభాన్ని చేత్తో తాకి చూశాను. ఎన్ని పొరల రంగు ఉందో దాని మీద. ఆ లోపలి ఇనుము 1927లో ఒక సరస్సు గట్టున సైక్లోన్‌గా నిలబడింది, 1948లో అదే గట్టున కామెట్ అయింది, 1994లో ఇంకో సరస్సు దగ్గరికి వచ్చింది. బోల్టులకు గ్రీసు పూసినవాళ్లు ఎవరో అక్కడా ఉండి ఉంటారు.

బఫెలోకు వచ్చి ఓనరమ్మకు అన్నీ చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది, మొదటి గుట్ట మీద నుంచి నీళ్లు కనపడతాయా అని. క్రిస్టల్ బీచ్‌లో బండి సరస్సులోకి పోతున్నట్టే ఉండేదట. ఇక్కడ పార్కుకూ సరస్సుకూ నడుమ దూరం ఉంది, గుట్ట మీద నుంచి నాకు చెట్లే కనపడ్డాయి. అదే చెప్పాను. "పోనీలే, తిరుగుతోంది కదా" అంది. ఆమె పార్కు ఉన్న చోటును నేను ఎప్పుడూ చూడలేదు. నా దగ్గర కెనడా వీసా లేదు. ఇవతలి గట్టు మీద నిలబడి ఆమె వేలు చూపించిన దిక్కుకు చూశాను, అంతే.

2001లో తిరిగి వచ్చాను. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు, హైదరాబాద్. 2016లో రావిర్యాలలో వండర్లా తెరిచాక నాయినను కూడా తీసుకుపోయాము. పిల్లలు రీకాయిల్ ఎక్కారు, తలకిందులుగా పోయి అదే దారిన వెనక్కి వచ్చేది. నాయిన నీడలో కూర్చుని దాన్ని గంటసేపు చూశాడు. కాళ్ల దగ్గర నట్లు ఎంత లావున్నాయో చూడమని నాకు చూపించాడు. నచ్చింది ఆయనకు.

ఆయన షాపు మూసి చాలా ఏళ్లయింది. ఆయిల్ ఇంజన్లు పోయాయి, కళ్లు కూడా మసకబారాయి. అయినా 2025 మాఘంలో చెరువుగట్టుకు పోదామని ఆయనే అడిగాడు. బ్రహ్మోత్సవాలు అయిపోవస్తుండగా పోయాము. కింది గుడి దగ్గరే దండం పెట్టుకున్నాము, మెట్లు ఎక్కలేడు. జాతర దుకాణాలు సగం లేచిపోయాయి. జాయింట్ వీలును విప్పుతున్నారు. ఇప్పటిది నా చిన్ననాటిదాని కన్నా చాలా పెద్దది, కరెంటు మోటారుతో తిరిగేది. డబ్బాలు అప్పటికే లారీలో ఉన్నాయి.

ఇరవై ఏళ్లు కూడా లేని పిల్లగాడు ఒకడు కింద కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు. పాలమూరు పిల్లగాడు. కార్తీకంలో కురుమూర్తి జాతర చేసుకుని, ఇంకా ఎక్కడెక్కడో తిరిగి ఇటు వచ్చారట.

"ఇంక యాడికి పోతది?" అని అడిగాడు నాయిన.

"దురాజ్‌పల్లికి తాతా. పెద్దగట్టు జాతర ఉన్నది గద ఈ ఏడు."

లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకొకసారి. సూర్యాపేట దగ్గర, హైవే మీదనే. నాయిన తలూపాడు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుని, గోనె సంచిలో చెయ్యి పెట్టి ఒక బోల్టు తీశాడు. మరల మీద బొటనవేలు పెట్టి చివర దాకా తిప్పాడు. గ్రీసు నల్లగా వేళ్లకు అంటింది. ఇంకోటి తీశాడు. దానికీ ఉంది. పిల్లగాడు పని ఆపి చూస్తున్నాడు.

"పొద్దుగాల సుత్తె వట్టుకొని ఎక్కుతవా?"

"రోజు ఎక్కుత తాతా. మా మామ ఎక్కకుంటె తిడ్తడు."

నాయిన ఆ రెండు బోల్టులను సంచిలో వేసి మూతి ముడి వేశాడు. లేపుతుంటే నా చీర కొంగుకు అంటింది, ఆయన చొక్కాకు అంటింది, కారు తలుపు పిడికి కూడా. చేతులు తుడుచుకోవడానికి నీళ్ల సీసా ఇస్తే వద్దన్నాడు. నల్లగొండ చేరే దాకా కారు నిండా గ్రీసు వాసనే. అద్దాలు దించనా అని డ్రైవరు అడిగితే, నేనే వద్దన్నాను.